బాపు చొక్కా, అమ్మ పిన్నీసులు: గోదావరిఖనిలో మా పంక్ బ్యాండ్ ఇలా తయారైంది

బాపు చొక్కా చేతులు కత్తిరించిన రోజు రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

అది మామూలు చొక్కా కాదు, బాయి చొక్కా. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని గని అనం, బాయి అంటాం. మొదటి షిఫ్టుకైనా, నైట్ షిఫ్టుకైనా బాపు వేసుకుపోయిన ఖాకీ చొక్కా అది. అమ్మ దాన్ని ఇంట్లో బట్టలతో కలిపి ఎప్పుడూ ఉతకలేదు. వేరే బకెట్, వేరే సబ్బు. ఎంత ఉతికినా కాలర్ కుట్టులో నల్లటి గీత మాత్రం పోయేది కాదు. బాపు రిటైరయ్యాక ఆ చొక్కా తలుపు వెనక మొలకు రెండేళ్లు అలాగే వేలాడింది. ఎవరూ వేసుకోరు, ఎవరూ తీయరు.

నాకేమో అచ్చం అలాంటి చొక్కానే కావాలి. అడగలేదు. కత్తెర తీశా.

ఎందుకు కావాల్సొచ్చిందో చెప్తా. మేం నలుగురం. నేను, ఇద్దరు క్లాస్‌మేట్లు, పక్క లైన్ క్వార్టర్‌లో ఉండే డప్పు తమ్ముడు. ఫోన్లో పంక్ పాటలు విని విని, మనమూ బ్యాండ్ పెట్టాలి అనుకున్నాం. హైదరాబాద్ పోయినప్పుడు ఒక మాల్‌లో చింపేసిన జాకెట్, దానికి నాలుగు పిన్నులు, వీపు మీద ఒక పుర్రె బొమ్మ చూశా. ధర చూసి మళ్లీ హ్యాంగర్‌కే తగిలించా. చింపడానికి అంత డబ్బెందుకు? మా ఇంట్లో చిరిగినవి బోలెడు ఉన్నాయి కదా!

పంక్ అంటే పుర్రె బొమ్మ కాదు

1970ల మధ్యలో న్యూయార్క్‌లో, తర్వాత 1976-77లో లండన్‌లో పంక్ ఊపందుకుంది. అప్పట్లో రాక్ బ్యాండ్ అంటే లారీల నిండా సామాన్లు, పది నిమిషాల గిటార్ సోలోలు. ఉద్యోగాల్లేని కుర్రాళ్లకు అవన్నీ ఎక్కడివి? ఉన్నదాంతో కానిచ్చారు. చిరిగిన బట్టను కుట్టకుండా పిన్నీసు పెట్టుకున్నారు. క్లాష్ బ్యాండ్ వాళ్లు తమ బట్టల మీద తామే పెయింట్ చల్లుకుని, స్టెన్సిల్‌తో మాటలు రాసుకున్నారు. 1977 జనవరిలో ఇంగ్లండ్‌లో ‘సైడ్‌బర్న్స్’ అనే చిన్న పత్రిక ఒకటి మూడు గిటార్ కార్డుల బొమ్మలు చేత్తో గీసి, ఇవి వచ్చాయిగా, ఇక బ్యాండ్ పెట్టుకోండి అన్నట్టు అచ్చేసింది. పంక్ సారం మొత్తం ఆ ఒక్క పేజీలో ఉంది.

అయితే ఒక నిజం కూడా చెప్పుకోవాలి. అదే రోజుల్లో లండన్ కింగ్స్ రోడ్‌లో పంక్ బట్టల్ని ఖరీదుకు అమ్మిన షాపులూ ఉన్నాయి. అంటే ఆ మాల్ జాకెట్ కూడా కొత్త కథేం కాదన్నమాట.

పిన్నీసు గురించి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకుని, 400 డాలర్లకు అమ్మేశాడట. అది చెప్తే అమ్మ తన పుస్తెలతాడుకు ఉన్న పిన్నీసుల గుత్తి చూపించి, “మరి నేను కూడా పంకేనా?” అంది. లండన్ వాళ్లకంటే మా అమ్మే సీనియర్ అనిపించింది.

స్టేజీ బట్టలంటే గద్దర్ గుర్తు రాకుండా ఉంటారా? గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. మెరిసే కోటు కాదు, పని చేసేవాళ్ల బట్టలే ఆయనకు స్టేజీ డ్రెస్. లండన్‌లో వాళ్లు పిన్నీసులు పెట్టుకున్న రోజుల్లోనే ఇక్కడ జననాట్య మండలి డప్పు, గొంగడితో ఊరూరా తిరుగుతోంది. దాన్ని పంక్ అని పిలవక్కర్లేదు. కానీ మన దగ్గరున్నదే మన వేషం అనే మాట మనకు బయటి నుంచి రాలేదని అర్థమైంది.

చొక్కాను జాకెట్ చేయడం ఇలా

సరే, అసలు పనికి వద్దాం. నేను చెడగొట్టి నేర్చుకున్నవి ఇవి.

చేతులు కత్తిరించేటప్పుడు భుజం కుట్టు మీద కత్తెర పెట్టొద్దు. కుట్టుకు అర అంగుళం బయట కోయండి. కోసిన అంచుకు కాస్త లోపలగా మిషన్ మీద ఒక వరస కుట్టేయండి. అప్పుడు దారాలు ఆ కుట్టు దాకే ఊడి ఆగిపోతాయి. ఇది చేయకపోతే మూడో ఉతుకుకు భుజమే పోతుంది.

స్టెన్సిల్‌కు అట్ట వాడితే రెండోసారికే మెత్తబడుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్మ్ వాడండి. ఏ ఇంటి బీరువా మీద చూసినా నాలుగు ఉంటాయి. అక్షరాలు మార్కర్‌తో గీసి, కింద గాజు పలక పెట్టి బ్లేడుతో కోయాలి.

ఇక్కడ మన తెలుగుకు ఒక తిప్పలుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో గీతలెక్కువ, మనవన్నీ గుండ్రాలు. సున్నా కోశామనుకోండి, మధ్యలో ముక్క ఊడి పడిపోతుంది. పెయింట్ వేస్తే సున్నా కాదు, నల్ల బిళ్ల అవుతుంది. ర, ఠ కూడా అంతే. అందుకే మధ్య ముక్కను పక్కకు కలుపుతూ రెండు మూడు మిల్లీమీటర్ల సన్న వంతెనలు వదలండి. మొదట్లో వింతగా ఉంటుంది గానీ, ఆ తెగిన గీతలే చివరికి అందం.

పెయింట్ బ్రష్‌తో రుద్దొద్దు, ఫిల్మ్ కిందికి పాకుతుంది. గిన్నెలు తోమే స్పాంజి ముక్కకు కొంచెమే ఫ్యాబ్రిక్ పెయింట్ అద్ది, నిలువుగా తట్టాలి. చొక్కా లోపల పేపర్ పెట్టడం మర్చిపోవద్దు, లేదంటే వీపు మీది మాట ఛాతీ మీద కూడా దిగుతుంది. ఒక రోజు ఆరనిచ్చి, బట్ట తిరగేసి లోపలి వైపు ఇస్త్రీ చేస్తే రంగు గట్టిగా పట్టుకుంటుంది. నీళ్లు చల్లకుండా, పొడి ఇస్త్రీ.

బ్లీచ్ మరకలు కావాలంటే ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. కాటన్ అయితే రంగు దిగుతుంది, పాలిస్టర్ కలిసిందైతే పెద్దగా మారదు. ఆరుబయట, గ్లవ్స్‌తో చేయండి. బ్లీచ్‌లో బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కలవకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం.

మెరిసే స్టడ్లు ఆన్‌లైన్‌లో కొనక్కర్లేదు. బ్యాగులు కుట్టే షాపులో రివెట్లు, టైలర్ దగ్గర టిచ్ బటన్లు దొరుకుతాయి. దబ్బనంతో రంధ్రం చేసి, కింద చెక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. అతుకులు కుట్టడానికి చెప్పులు కుట్టే అన్న దగ్గర మైనం పూసిన దారం అడిగి తీసుకోండి. మామూలు దారం గిటార్ బెల్టు రాపిడికి నిలవదు. అదే కారణంతో ఆ భుజం మీద పిన్నీసులు కూడా పెట్టొద్దు. ఉతికే ముందు అన్నీ తీసేయండి, తుప్పు మరక పోదు.

బాపు అడిగిన ఒక్క ప్రశ్న

నా ప్లాన్ ప్రకారం వీపు మీద పడాల్సింది బాపు నంబర్. బాయిలో ప్రతి మనిషికీ ఒక నంబర్ ఉంటుంది. ల్యాంప్ రూమ్‌లో టోపీ లైటు తీసుకున్నా, ముస్టర్ పడినా ఆ నంబరే. ముప్పై ఏళ్ల నంబర్ వీపు మీద ఉంటే స్టేజీ మీద అదిరిపోతుందని నా లెక్క. ఎక్స్‌రే మీద నాలుగు అంకెలూ కోసి పెట్టుకున్నా.

బాపు ఇంటికొచ్చి చేతుల్లేని చొక్కా చూశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండు అనిపించింది. అరుగు మీద కూర్చుని చాలాసేపటికి అడిగాడు.

“అడిగితే ఇయ్యకపోదునా బిడ్డా?”

నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆ చొక్కా ముట్టుకోలేదు. మూడో రోజు తనే తెచ్చి నా ముందు పెట్టాడు. పక్కన ఎక్స్‌రే ముక్క కూడా ఉంది.

“చొక్కా తీస్కో. నంబర్ వద్దు. అది నాది. ముప్పై ఏండ్లు నేను మోసిన. నువ్వు నీదేదన్న రాసుకో.”

ఇప్పటికీ నాకు బ్యాండ్ గురించి ఎవరూ అంత మంచి సలహా ఇవ్వలేదు.

తలుపు చెక్క, మోటార్ సైకిల్ స్ప్రింగు

బట్టలయ్యాయి. సామాన్లు? గిటార్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. మిగతావి తయారు చేసుకోవాల్సిందే. అప్పుడు మాకు ధైర్యమిచ్చినవి రెండు కథలు.

ఒకటి, క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే. 1963లో వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ మొదలుపెట్టాడు. పాత పొయ్యిగూడు చట్రం చెక్కతో మెడ, మోటార్ సైకిల్ స్ప్రింగులు, చుక్కలకు వాళ్ల అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బటన్లు. పూర్తవడానికి దాదాపు రెండేళ్లు. ఆ గిటారే జీవితాంతం వాయిస్తున్నాడు.

రెండోది మా ఊళ్లాంటి ఊరి కథ. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే టోనీ ఐయోమీకి 1965లో మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమ చేతివాటం, తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సబ్బు సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. పైన తోలు ముక్క అంటించాడు. నొప్పి తగ్గాలని సన్న తీగలు వేశాడు, తర్వాత శృతిని కూడా కిందికి దించాడు. ఆ బరువైన సౌండే బ్లాక్ సబ్బాత్. హెవీ మెటల్ అలా పుట్టిందంటారు. ఈ కథ చెప్తున్నప్పుడు బాపు తన చేతులకేసి చూసుకోవడం గమనించా.

మన దగ్గరా ఈ తెలివికి కొదవ లేదు. వెదురు కర్ర, ఎండిన ఆనపకాయ బుర్రలతో చేసే కిన్నెర వాయించి, నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్ర ఖాళీగా ఉంటేనే మోగుతుంది అన్న సూత్రం మా బకెట్లకు కూడా అదే.

మా బ్యాండ్ సామాన్లు

ఒక తీగ బేస్: మీటరు పొడవు గట్టి చెక్క పలక, రెండు చివర్లా మొలలు, మధ్యలో ఒక్క గిటార్ తీగ. ఒక చివర తీగ కింద గాజు సీసా దూర్చితే తీగ బిగిసి మోగుతుంది. ఇంకో చిన్న సీసా తీగ మీద జరుపుతూ వాయించాలి. అమెరికా దక్షిణాన నల్లజాతి పిల్లలు చీపురు తీగతో ఇలాంటిదే చేసుకునేవాళ్లు, దాన్ని డిడ్లీ బో అంటారు. తీగ బిగించేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, తెగితే కన్ను పోతుంది.

పీజో మైకు: సర్క్యూట్ సామాన్లు అమ్మే షాపులో 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల దొరుకుతుంది. చెక్క కదలికనే సౌండ్‌గా మారుస్తుంది. రెండు వైర్లు సోల్డర్ చేసి, చెక్కకు డబుల్ టేప్‌తో అంటించడమే. సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే బిళ్ల పాడవుతుంది. మావి మూడు పోయాయి.

బుల్లి యాంప్: దీనికి ఎల్‌ఎం386 అనే ఎనిమిది కాళ్ల ఐసీ చాలు. 2, 4 కాళ్లు బ్యాటరీ నెగటివ్‌కు. 6వ కాలు 9 వోల్టుల బ్యాటరీ పాజిటివ్‌కు. ఇన్‌పుట్ వాల్యూమ్ కంట్రోల్ గుండా 3వ కాలికి. 5వ కాలి నుంచి 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా 8 ఓమ్‌ల స్పీకర్‌కు. 1, 8 కాళ్ల మధ్య ఏమీ పెట్టకపోతే సౌండ్ 20 రెట్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు పెరుగుతుంది. పంక్‌కు రెండోదే. చిరిగిన గొంతులా వస్తుంది, అదే కావాలి. చాలా బొమ్మల్లో వాల్యూమ్ కంట్రోల్ 10కే అని ఉంటుంది. పీజోకు 100కే వేయండి, లేదంటే సౌండ్ పల్చబడిపోతుంది. కీచుమని అరిస్తే 6వ కాలికి, నెగటివ్‌కు మధ్య 0.1, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండూ పక్కపక్కన వేయండి. పాత రేడియో స్పీకర్, పాత టిఫిన్ డబ్బా, అంతే. వాటు కూడా రాదు, కానీ చిన్న గదికి సరిపోతుంది. పెద్ద చోటైతే దాని ముందు మైకు పెట్టండి.

డ్రమ్స్: 20 లీటర్ల పెయింట్ బకెట్లు, ఒక పాత ట్రంకు పెట్టె, నూనె డబ్బా మూత. ట్రినిడాడ్‌లో వెదురు బొంగుల వాయిద్యాలను అడ్డుకుంటే జనం రేకు డబ్బాలు, చివరికి నూనె పీపాలు కొట్టి స్టీల్ పాన్ అనే కొత్త వాయిద్యమే పుట్టించారు. 1951లో వాళ్ల బృందం లండన్ వెళ్లి ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో వాయించింది. నూనె తీసే ఊరు పీపా మోగిస్తే, బొగ్గు తీసే ఊరు బకెట్ మోగించలేదా?

బకెట్లు ఎంచుకున్నది మాత్రం మేం కాదు, బాపు. ఆయన బాయిలో చేసింది టింబర్ పని. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాళ్లు ముందు కప్పును కర్రతో కొట్టి వింటారు. గట్టిగా ఖంగుమంటే బండ బాగుంది. డొల్లగా మోగితే లోపల పొర విడిచింది, అక్కడ నిలబడొద్దు. మేం పాత సామాన్ల షాపులో పది బకెట్లు ముందేసుకుని తికమక పడుతుంటే బాపు వచ్చి వేలి కణుపుతో ఒక్కోటీ కొట్టాడు.

“గిది పగిలింది. గిది మంచిగున్నది. గిది మీకు పనికొస్తది, మాకైతే చావే.”

మూడో బకెట్టే ఇప్పుడు మా కిక్ డ్రమ్. బాయిలో భయపడాల్సిన సౌండే మాకు కావాల్సిన సౌండ్ అయింది. బాపు చెవిని మేం ఇన్నేళ్లూ పాటలకు పనికొచ్చేదిగా చూడనేలేదు.

ఇవి మాత్రం చేయొద్దు

కరెంటు ప్లగ్గుతో నడిచే యాంప్‌ను విప్పొద్దు. తీసేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిల్వ ఉంటుంది. ఒకసారి అద్దె సౌండ్ సెట్ మైకు పెదవికి తగిలి నాకు షాక్ కొట్టింది. ఎర్త్ సరిగ్గా లేదు. అప్పటి నుంచి స్టేజీ ఎక్కితే ముందు టెస్టర్ పెట్టి చూస్తున్నాం. రెండు మొలల ప్లగ్గుతో సర్దుకుందాం అని ఎవరన్నా వింటే వాయించం.

పనిలో ఉన్నవాళ్ల హెల్మెట్లు, టోపీ లైట్లు స్టేజీ కోసం అడగొద్దు. అవి అలంకారం కాదు, ప్రాణం. ఓపెన్‌కాస్ట్ చుట్టుపక్కల రంగురంగుల వైరు ముక్కలు కనిపిస్తే గాజులు చేసుకుందామని తీయొద్దు. పేలని డిటొనేటర్ ఉండొచ్చు. దూరం నుంచి చూసి సెక్యూరిటీకి చెప్పండి.

మొదటి షో

డిసెంబరు చలిలో మా కాలనీ గ్రౌండ్ మూల మొదటిసారి వాయించాం. చూసినవాళ్లు నలభై మంది ఉంటారు, సగం మా చుట్టాలే. రెండో పాటలో బేస్ తీగ తెగింది. మూడో పాటలో యాంప్ బ్యాటరీ చచ్చింది. మా డప్పు తమ్ముడు ఆగలేదు. ముందే మంట దగ్గర కాచి పెట్టుకున్న డప్పు, ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. మిగతా పాట అంతా డప్పు, బకెట్ల మీదే నడిచింది. నిజం చెప్పాలంటే ఆ పాటే బాగా వచ్చింది. ముందు వరసలో పిల్లలు దుమ్ము లేచేదాకా ఎగిరారు.

బాపు వెనక నిలబడి ఉన్నాడు. షో అయ్యాక వచ్చి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కిక్ బకెట్ వంచి చూశాడు. “అంచుకు పగులు వచ్చింది. రేపు ఇంకోటి తెస్తా” అన్నాడు.

చొక్కా ఇప్పుడు నాదే. అమ్మ పిన్నీసులు ఏడు, రివెట్లు ఇరవై, కాలర్‌లో ఆ నల్ల గీత అలాగే ఉంది. బ్లీచ్ దాని దగ్గరికి కూడా పోనివ్వలేదు. వీపు మాత్రం ఇంకా ఖాళీ. బ్యాండ్ పేరు కోసం నలుగురం రోజూ కొట్టుకుంటున్నాం, కుదరట్లేదు. కుదిరిన రోజు కోస్తా, కొత్త ఎక్స్‌రే ఒకటి దాచిపెట్టా.

మీ ఇంట్లో కూడా తలుపు వెనక మొలకు ఏదో ఒకటి వేలాడుతూనే ఉంటుంది. చూడండి. కానీ అడిగి తీయండి.